చెవికందిన చెయ్యి

ఆ బుధవారం పొద్దున్న గురునాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పోర్టులో ఆ వారం ఆయనకి రెండో షిఫ్టు కాబట్టి మధ్యాహ్నం దాకా తీరికే. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూతురు పద్మావతిని వెంటబెట్టుకుని, మల్కాపురంలో సిటీ బస్సెక్కి, టౌనులో గట్టు మీదున్న కాన్వెంటుకి వెళ్లి, ఎల్‌కేజీలో సీటు ఇస్తారా అని అడిగి వచ్చేయాలి. అంతే. ఇంత తేలికైన పనిని మనిషి తనంతట తను చేసుకుంటే చెడిపోయే వీలు లేదు. అందుకే కాబోలు, మనవాళ్లు ఎవరినీ ఏ పనీ ఒంటరిగా చేసుకోనివ్వరు.

గురునాథరావు టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే బస్తాలూ పెట్టెలూ చూసి రాసుకోవడం ఆయన ఉద్యోగం. ఇంగ్లీషు రాయడం వచ్చు. ఫలానా పెట్టె పగిలిపోయి దిగిందన్న సంగతి ఎంతటి దొరకైనా అర్థమయ్యేలా రాసివ్వగలడు. మాట్లాడ్డమే రాదు. ఆ మధ్య ఓ గ్రీకు ఓడ మీద చీఫ్ ఆఫీసరు ఏదో అడిగితే "యస్సర్" అన్నాడు. ఇంకోటి అడిగితే "నోసర్" అన్నాడు. దాంతో డెక్కు మీదున్న వాళ్లందరూ పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వారో ఆయనకి ఈనాటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆయన్ని లోపల్నించి తినేస్తోంది. ఓడ మెట్లు దిగుతూ, తన పిల్ల మాత్రం ఎవడి ముందూ ఇలా నిలబడకూడదని గట్టిగా అనుకున్నాడు. ఆ అనుకోవడంలో నవ్వవలసింది ఏమీ లేదు. నవ్వవలసిందంతా తరవాత జరిగింది.

భార్య చిలకమ్మకి ఈ కాన్వెంటు గొడవ మొదట్నించీ గిట్టదు.

"ఈది సివర మున్సిపాలిటీ బడుంది. నాను పొయ్యి దగ్గిరుండి పిలిస్తే గుంట పలుకుతాది. అంత దూరం బస్సెక్కించి పంపడం దేనికండీ?" అంటుంది ఆవిడ.

ఆవిడ ధ్యాసంతా పిల్ల జుట్టు మీదే. అంత చిన్నపిల్లకి అప్పుడే నడుం దాటిన జుట్టు. గుంటగలగరాకు వేసి స్వయంగా కాచిన నూనె రాసి, రోజూ రెండు జడలు వేసి, ఆ జడలని వీధిలో నలుగురూ మెచ్చుకుంటుంటే దిష్టి తీసి పడుకుంటుంది. గ్రీకు ఓడ సంగతి ఆవిడకి తెలియదు. గురునాథరావు చెప్పలేదు.

ఆయన చెప్పులు వేసుకుంటుండగా జగ్గారావు సైకిలు గుమ్మం ముందు ఆగింది. జగ్గారావు చిలకమ్మకి స్వయానా అన్న. ఉద్యోగం రిఫైనరీలో, ఇల్లు పక్క వీధిలో. పొద్దున్నే చెల్లెలి చేతి కాఫీ పడితే గాని ఆయన సైకిలు డ్యూటీకి కదలదు.

"ఏటి బావా, పొద్దున్నే ఇస్త్రీ సొక్కా ఏసీసినావు? ఎవులదేటి పెళ్లి?"

"పెళ్లి కాదు బావా. పద్మకి కాన్వెంటులో సీటడుగుదామని ఎల్తన్నాను."

జగ్గారావు కాఫీ గ్లాసు కింద పెట్టి, బావగారిని ఎగాదిగా చూశాడు. "అలగెల్లి అడిగితే ఇచ్చీడానికి అదేటి రేషను సాపా? ముందు పిల్లకి సెయ్యి సెవికందుతాదేటి?"

పల్లెటూరి బళ్లలో అదొక పద్ధతి. పుట్టినరోజులు రాసిపెట్టుకునే అలవాటు ఎవరికీ లేని రోజుల్లో, పిల్లాణ్ణి తీసుకురాగానే మేష్టారు కుడిచేతిని నడినెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టు, బడిలో కూర్చోవచ్చు. అందకపోతే ఇంటికి తరిమేవారు. ఆనందపురం దగ్గర పల్లెలో జగ్గారావు ఆ పరీక్ష పాసయ్యాకే బళ్లో చేరాడు. ఆ తరవాత ఆయన మరే పరీక్షా పాసైనట్టు దాఖలా లేదు. కాబట్టి లోకంలో బడి అన్నది ఎక్కడున్నా దాని గుమ్మం ముందు ఆ పరీక్ష ఉండి తీరుతుందని ఆయన నమ్మకం.

కాన్వెంటు వాళ్లు చెయ్యి చూస్తారని నీకెవరు చెప్పారని గురునాథరావు అడిగి ఉండవచ్చు. అడగలేదు. తనూ అలాగే చేరాడు మరి. వెంటనే పద్మావతిని పిలిచి, చెయ్యి పట్టుకుని తల మీదుగా తిప్పారు. వేలికీ చెవికీ మధ్య ఇంకో వేలు పట్టేంత ఖాళీ మిగిలింది.

"సూసినావా? ఎల్లుంటే పరువు పోను," అన్నాడు జగ్గారావు తృప్తిగా.

గురునాథరావు ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. పథకం అక్కడితో ఆగింది. అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

మధ్యాహ్నానికల్లా సంగతి వీధంతా పాకింది. సాయంత్రానికి గురునాథరావు అరుగు మీద సభ కూడింది. అందరికన్నా ముందు ఎదురింటి ఎల్లారావు వచ్చాడు. ఆయన కూర్మన్నపాలెం దగ్గర స్టీల్ ప్లాంటు పనుల్లో స్టోర్ కీపరు. ఇద్దరు కొడుకులూ మున్సిపాలిటీ బళ్లో చదివి, చదవడం అయిపోయిందని వాళ్లే నిర్ణయించుకుని, మానేశారు. చదువు గురించి ఎవరికైనా సలహా చెప్పడానికి అది ఆయనకి అడ్డు రాలేదు.

"ఇనుపకడ్డీయే లాగితే సాగుతాది. సేతి ఎముకెంత? రోజూ పొద్దునా సాయంత్రం దూలానికి ఏలాడదియ్యండి. నాను ప్లాంటులో సూత్తన్నాను కదా," అన్నాడు.

ప్లాంటులో అప్పటికింకా పునాదులు తవ్వుతున్నారు. ఆయన ఏ కడ్డీని ఎక్కడ సాగదీయగా చూశాడో ఎవరూ అడగలేదు.

"ఏలాడదీసే ముందు ఆముదం పట్టించాల. పట్టించకపోతే గూడ జారిపోద్ది," అంది పసిపిల్లలకి నీళ్లు పోసే దేముడమ్మ. పిల్లల కాళ్లూ చేతులూ సాగదియ్యడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. ఆ వీధిలో సగం మంది ఆవిడ కాళ్ల మీద పడుకుని గుక్కపట్టి ఏడ్చినవాళ్లే.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో విద్యాభ్యాసం మొదలైంది. పొద్దున్నే దేముడమ్మ ఆముదం గిన్నెతో వచ్చి పద్మావతి కుడిచేతిని పిండి లాగేది. పిల్ల పెట్టే కేకలకి కాకులు లేచిపోయేవి. తరవాత గురునాథరావు పిల్లని ఎత్తి గుమ్మం పైకమ్మీకి తగిలించేవాడు. చిలకమ్మ వంటింట్లోంచి, "మీకు మతి పోనాదేటండీ?" అని అరిచేది. "ఎత్తు పెరుగుతాదే," అని ఆయన సర్దిచెప్పేవాడు. ఎత్తు పెరగడం మంచిదే కదా అని ఆవిడ ఊరుకునేది.

పిల్లకి మొదట్లో ఏడుపు, తరవాత అలవాటు, ఆ తరవాత సరదా. కిటికీ ఊచలకి వేలాడేది. మంచం పట్టెకి వేలాడేది. ఒకరోజు దేముడమ్మ బట్టలారేసిన తీగకి వేలాడింది. తీగ తెగి, ఉతికిన చీరలన్నీ మురిక్కాలవలో పడ్డాయి. దేముడమ్మ నడివీధిలో నిలబడి గురునాథరావు వంశాన్నంతా ఏకరువు పెట్టి, ఇక ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టుపెట్టుకుంది. ఆ పిల్లకి వేలాడ్డం నేర్పిన సలహాసంఘంలో తనూ ఉన్నానన్న సంగతి ఆవిడకి స్ఫురించలేదు.

గురునాథరావు పరిస్థితి ఇంకా అధ్వాన్నం. కనబడిన ప్రతి పిల్లవాడి చెయ్యీ చెవీ కళ్లతోనే కొలిచేవాడు. పనిలో ఉన్నా ధ్యాస అక్కడే. ఒకనాడు ఓడ పక్కన నిలబడి బస్తాలు రాసుకుంటూ, తెలియకుండానే తన కుడిచేతిని నడినెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకున్నాడు. క్రేను నడిపేవాడు అది తనకి చేసిన సైగ అనుకుని టక్కున ఆపేశాడు. బస్తాలు గాల్లో వేలాడిపోయాయి. ఆపమని ఎవడు చెప్పాడురా అని కిందనించి మేస్త్రీ బూతులు లంకించుకుంటే, క్రేను వాడు గురునాథరావుని చూపించాడు. ఆయన అప్పటికీ చెవి వదల్లేదు.

ఇంత చేసినా వేలెడంత ఖాళీ అలాగే ఉంది. ఓ ఆదివారం జగ్గారావు వచ్చి, పిల్ల నెత్తి మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నొక్కి చూశాడు. ఆయన ముఖం వెలిగింది. గొంతు తగ్గించి, "బావా, మనం సేతినే సూత్తన్నాం గాని మధ్యన ఏటడ్డున్నాదో సూళ్లేదు. ఇదిగో, ఈ జుత్తు! ఇది తీయించీ. సెయ్యి సక్కగా ఎల్లి సెవి మీద పడకపోతే నన్నడుగు," అన్నాడు.

"మీ సెల్లెలు నన్ను సంపీగల్దు బావా."

"సింహాద్రి అప్పన్న ఉన్నాడు కదేటి? మొక్కని సెప్పు. దేముడి ముందర అదేటి సేస్తాది?"

సొంత చెల్లెలిని మోసం చెయ్యమని అంత ఇదిగా చెప్పే అన్న దొరకడం కష్టం. గురునాథరావు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, గ్లాసులోని నీళ్లకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఒలే చిలకా, ఒక సంగతి మర్సిపోనాను. ఉజ్జోగం పర్మినెంటయితే పిల్ల జుత్తు ఇత్తానని అప్పన్నకి మొక్కున్నాను."

చిలకమ్మ గరిట గాల్లో ఆగింది. "పర్మినెంటయ్యేనాటికి పిల్ల పుట్టనేలేదు కదండీ?"

"పుట్టబోయే పిల్ల జుత్తే మొక్కున్నాను."

ఆవిడ గరిట దించి, "దేముడి మాట ముందరే సెప్పాలి కదండీ. ఇన్నాళ్లు పెంచనిచ్చి ఇప్పుడా సెప్పడం?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురునాథరావుకి నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. డెక్కు మీద ఆ నవ్వు గుర్తొచ్చింది. ముద్దని నీళ్లతో మింగేశాడు.

సింహాచలం కొండ మీద మంగలి ముందు కూర్చున్నంతసేపూ పద్మావతి ఏడవలేదు. చిలకమ్మే ఏడ్చింది. కొండెక్కుతూ అలవాటు కొద్దీ రెండు సంపెంగలు కొని చేతిలో పట్టుకుంది. అంతా అయ్యాక పిల్ల గుండు చూసి, చేతిలో పూలు చూసుకుని, ఏం చెయ్యాలో తోచక వాటిని తన కొంగున ముడేసుకుంది. గురునాథరావు అది చూశాడు. చూసి కూడా, ఆవిడ ప్రసాదం కోసం అటు తిరగ్గానే, పిల్ల చెయ్యి పట్టుకుని ఆ నున్నటి గుండు మీదుగా తిప్పాడు. వేలు వెళ్లి చెవి మీద వాలింది.

"అందీసినాదే!" అని మెట్ల మీద గెంతాడు.

"ఏటండీ అందినాది?" అంది చిలకమ్మ వెనక్కి తిరిగి.

"మొక్కు. మొక్కు అప్పన్నకి అందీసినాది," అన్నాడు, అప్పన్న అంత దగ్గర్లో వింటున్నాడన్న వెరపు కూడా లేకుండా.

ఇక ఆగలేదు. సీటు రాకముందే కోటవీధిలో అబ్దుల్ రజాక్ దుకాణానికి వెళ్లి యూనిఫారం కుట్టమన్నాడు. కాన్వెంటు బట్టలు కుట్టడంలో రజాక్‌కి పేరుంది. ఎల్‌కేజీ గౌన్లు ముందే కుట్టి దొంతర పెట్టుకుంటాడు.

"ముబారక్ సార్! ఎల్‌కేజీయే కదా? ఇదిగో, రెడీగా ఉంది," అని ఓ గౌను తీసి పద్మావతి భుజాలకి ఆనించి చూశాడు. "అరే, చేతులు బాగా పొడుగొచ్చాయి సార్. మాకు ఎల్‌కేజీ పిల్లలు ఇలాగ రారు. సపరేటుగా కుట్టాలి."

ఎవరైనా సరే అక్కడ ఆగి ఆలోచిస్తారు. గురునాథరావు పిల్ల వీపు తట్టి, మెరిట్ అంటే అలా ఉంటుందన్నట్టు దుకాణంలో నలుగురికేసీ చూశాడు.

కాన్వెంటులో పిల్లల్ని చూసే రోజు రానే వచ్చింది. గురునాథరావు సెలవు పెట్టి, భార్యాకూతుళ్లతో బయల్దేరాడు. అయిదు నిండాయని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో బస్సు ఎక్కింది మొదలు దిగేదాకా పెదాలు కదుపుతూ వల్లించాడు. నిజానికి పద్మావతికి మొన్న కార్తీకానికి నాలుగు నిండాయి. పుట్టింది అమ్మమ్మగారి పల్లెలో, మంత్రసాని చేతుల మీద. కాగితం ముక్క లేదు. కాబట్టి తండ్రి నోట్లోంచి ఎంత వస్తే అంత.

వరండాలో బెంచీల నిండా తల్లిదండ్రులు. వాళ్ల ఒళ్లలో పిల్లలు. ఆ పిల్లల్ని చూసి గురునాథరావుకి జాలి ముంచుకొచ్చింది. గుప్పెడంతేసి పిల్లలు. ఒక్కడి చెయ్యి కూడా నడినెత్తి దాటేలా లేదు. పాపం, వీళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. జాలి వెంటనే గర్వంగా మారింది. గర్వం వచ్చాక మనిషి నోరు మూసుకుని కూర్చోలేడు.

"మీ వాడికి ఎన్నేళ్లండీ?" అని పక్కనున్న పెద్దమనిషిని పలకరించాడు. ఆయన పేరు దొరబాబు, బ్యాంకులో ఆఫీసరు. మెళ్లో టై కూడా ఉంది.

"నాలుగండి."

"చెయ్యి చెవికి అందుతుందా?"

"ఏ చెయ్యి? ఏ చెవి?" అన్నాడు దొరబాబు కంగారుగా.

గురునాథరావు పద్మావతిని నిలబెట్టి చేసి చూపించాడు. "ఇలా అందాలండి. అందకపోతే సీటివ్వరు. మేం నెలల తరబడి ప్రాక్టీసు చేయించాం."

దొరబాబు టై వదులు చేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని తల మీదకి లాగాడు. వాడు కెవ్వుమన్నాడు. ఆ కెవ్వుకి పక్క బెంచీ తిరిగింది. పక్క బెంచీ నించి వరండా చివరిదాకా వార్త పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. చదువుకున్నవాళ్లు, కార్లలో వచ్చినవాళ్లు, పిల్లాడు పుట్టినప్పుడే సీటు గురించి వాకబు చేసి పెట్టుకున్నవాళ్లు, అందరూ ఒక్కసారిగా పిల్లల చేతులు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. ఎవరు చెప్పారని గాని, ఎందుకని గాని అడిగినవాడు లేడు. మల్కాపురం అరుగు మీద ఉన్న తెలివే ఇక్కడ సెంటు రాసుకుని కూర్చుంది.

ఓ పట్టుచీరావిడ కూతురి మెడ పక్కకి వంచి చెవిని చేతి దగ్గరకి తీసుకురాబోయింది.

"అలా తల వంచకూడదమ్మా. డిస్‌క్వాలిఫై చేస్తారు," అన్నాడు గురునాథరావు.

ఆవిడ భయపడి పిల్ల మెడ వదిలేసింది. ఆయన నోట ఇంగ్లీషు మాట పడితే ఇంతమంది నవ్వకుండా విన్నారు. భక్తిగా విన్నారు. జన్మలో అలాంటి రోజు ఆయనకి రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివరనించి ఈ చివరకి నడుస్తూ ఒక్కొక్క పిల్లనీ సరిచూడ్డం మొదలుపెట్టాడు.

ఏడుపులు మిన్నుముట్టాయి. తలుపు తెరుచుకుని పెద్ద సిస్టరు బయటికొచ్చింది. మలయాళం దేశపు మనిషి. ఏళ్ల తరబడి ఈ ఊరి పిల్లలతో వేగి తెలుగు నేర్చుకుంది.

"ఏమిటి ఇది? ఎవరు పిల్లలను ఇట్లా ఏడిపిస్తున్నారు?"

వరండా యావత్తూ గురునాథరావుకేసి చూసింది.

"మీరు మొదట రండి," అంది సిస్టరు.

దాన్ని ఆయన గౌరవంగానే తీసుకున్నాడు. చొక్కా సర్దుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, చిలకమ్మని వెంటబెట్టుకుని లోపలికి నడిచాడు. సిస్టరు పద్మావతి గుండు చూసి, "జ్వరం వచ్చిందా?" అని అడిగింది.

"మొక్కండీ," అంది చిలకమ్మ, కొంగుతో పిల్ల నెత్తి తుడుస్తూ.

సిస్టరు తల ఊపింది. పద్మావతి గడ్డం పట్టుకుని పేరడిగింది. పిల్ల చక్కగా చెప్పింది. సిస్టరు నవ్వింది. అక్కడ గోడకున్న జంతువుల బొమ్మల్లో ఆవుని చూపించమంటే చూపించింది. సిస్టరు ఇంకా నవ్వింది. కథ అక్కడే సుఖంగా ముగిసేది.

"ఎన్ని సంవత్సరములు?"

"ఫైవ్ కంప్లీటెడ్, సిస్టర్!" అన్నాడు గురునాథరావు.

తడబాటు లేకుండా వచ్చింది. తన గొంతు తనకే ముద్దొచ్చింది. సిస్టరు ముఖంలో నవ్వు తగ్గింది.

"అయిదా? చూస్తే చిన్నగా ఉంది."

అనుమానం పడింది! ఇన్నాళ్ల కష్టం ఈ క్షణం కోసమే. "పద్మా, సూపించు తల్లీ," అన్నాడు. పద్మావతి చెయ్యి చురుగ్గా గుండు మీదుగా వెళ్లి ఎడమ చెవిని ఒడిసి పట్టుకుంది. పట్టుకుని వదలకుండా, "ఏలాడి కూడా సూపించీమంటావేటి నాన్నా?" అని కిటికీ ఊచలకేసి చూసింది.

సిస్టరు కలం మూత పెట్టింది. "నిజమే, అయిదు నిండింది. సారీ. ఎల్‌కేజీకి అయిదు నిండిన పిల్లలను తీసుకోము. ఫస్టు క్లాసుకి రావాలి. ఫస్టు క్లాసులో సీట్లు లేవు."

గురునాథరావు పిల్ల చేతిని చెవి మీంచి లాగేశాడు.

"కొందరు పెద్ద పిల్లలను తెచ్చి చిన్నవాళ్లని చెబుతారు. అందుకు మేము కూడా ఈ చెయ్యి చూస్తాము. చెవికి అందితే పంపించేస్తాము. మీరు నిజం చెప్పారు. చాలా సంతోషం," అని సిస్టరు చేతులు జోడించింది.

"కాదు సిస్టర్! నాలుగే! ఫోర్! ఓన్లీ ఫోర్!" ఆయన బల్ల పట్టుకుని వంగాడు. "నేను చెప్పింది అబద్ధం సిస్టర్. ఆ చెయ్యి అలా అందేది కాదు. ఆముదం రాసి లాగించాం. గుమ్మానికి వేలాడదీశాం. అయినా అందలేదు. జుట్టు అడ్డొస్తోందని గుండు కూడా దానికోసమే చేయించాను సిస్టర్! మొక్కూ లేదు, ఏమీ లేదు!"

వెనకనించి చిలకమ్మ గొంతు చాలా మెల్లిగా వినిపించింది.

"దేనికోసం?"

గురునాథరావు వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

సిస్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఒకే నోరు ఇప్పుడే అయిదంది, ఇప్పుడే నాలుగంటోంది. ఆ నోటిని నమ్మడం ఆవిడ వల్ల కాలేదు. "అమ్మా, మీరు చెప్పండి. మీ మాట నమ్ముతాను. పాపకి నాలుగు అంటే సీటు ఇప్పుడే రాస్తాను. నాలుగా, అయిదా?"

ఇప్పుడు తిరిగాడు గురునాథరావు. భార్యకేసి చూశాడు. డెక్కు మీది నవ్వూ, పగలూ రాత్రీ మోసిన ఆశా, అన్నీ ఆ చూపులో పెట్టి బతిమాలాడు. ఒక్క ముక్క చాలు. అదీ నిజమే, అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

చిలకమ్మ పిల్లని దగ్గరకి లాక్కుంది. ఆ నున్నటి నెత్తి మీద చెయ్యి పెట్టి, ముందునించి వెనక్కి ఒకసారి నిమిరింది. అప్పుడు తలెత్తి, ఎంతో వినయంగా చెప్పింది.

"అయిదు నిండిపోనాయమ్మగారూ. మా ఆయన సింహాద్రి అప్పన్న పేరు సెప్పి మరీ మాటాడతారు. ఆరి నోట అబద్దమెలగొస్తాదండి?"

బయట వరండాలో దొరబాబు ఎదురొచ్చాడు. గురునాథరావు వాళ్లు చెప్పులు వెతుక్కునే లోపలే ఆయన కొడుకుని తీసుకుని లోపలికెళ్లి, సీటు పుచ్చుకుని బయటికొచ్చాడు. "మావాడికి చెయ్యి సగం దూరం కూడా వెళ్లలేదండీ. అయినా ఇచ్చేశారు. మరి మీవంటివాళ్లకి డబుల్ ప్రమోషనే ఇచ్చుంటారు!" అన్నాడు మనస్ఫూర్తిగా. గురునాథరావు పిల్లని ఎత్తుకుని మెట్లు దిగాడు.

బస్సులో గురునాథరావుకి కోపం తెచ్చుకోవాలని ఉంది గాని, ఎంత ప్రయత్నించినా రావడం లేదు. పిల్ల ఒళ్లో కూర్చుని, కిటికీలోంచి దూరంగా రేవులో ఓడలు చూసి చప్పట్లు కొడుతోంది. ఆ ఓడల మీద నవ్వేవాళ్లు ఇంకా ఉంటారు, తన పిల్ల ఎప్పుడో వాళ్ల ముందు నిలబడుతుంది అనుకుంటే ఆయన కళ్లు చెమర్చాయి. చివరికి ఆగలేక, "అలగెందుకు సెప్పినావే?" అన్నాడు.

"జుత్తొచ్చినాక సెప్తాను," అంది చిలకమ్మ.

మర్నాడే ఆవిడ పిల్లని వీధి చివర బడికి తీసుకెళ్లింది. అక్కడి హెడ్‌మాష్టరు పాతకాలం మనిషి. చెయ్యి చూపించమన్నాడు. పద్మావతి చూపించింది. అయిదు నిండాయని ఒకటో తరగతిలో కూర్చోబెట్టేశాడు. రజాక్ కుట్టిన కాన్వెంటు గౌను వృథా చెయ్యడం ఎందుకని ఆవిడ అదే తొడిగి పంపింది. ఏ కాన్వెంటునించో మాన్పించి తన బళ్లో చేర్పించారనుకుని ఆయన మురిసిపోయి పిల్లని ముందువరసలో వేశాడు. కిటికీ ఊచలకి మాత్రం దూరంగా వెయ్యమని చిలకమ్మే చెప్పి వచ్చింది.

సాయంత్రం జగ్గారావు వచ్చి అరుగు మీద కూర్చుని కాఫీ అడిగాడు. చెల్లెలు గ్లాసుని ఆయన ముందు పెట్టలేదు, పడేసింది. ఆయనకి అదేమీ పట్టలేదు.

"ఏటయ్యినాది బావా, సీటు?"

జరిగింది చెప్పే ఓపిక గురునాథరావుకి లేదు. "సీట్లయిపోనాయంట బావా," అన్నాడు.

జగ్గారావు కాఫీ ఓ గుక్క పీల్చి, తల అడ్డంగా ఊపాడు. "నాను మొదట్నుంచి మొత్తుకుంతన్నాను. ఎవుల మాటా ఇనకండా బేగెల్లి అడిగీ అని. ఇన్నావు కాదు."

ఆయన ఇచ్చిన సలహాలన్నింటిలోకీ అదొక్కటే పనికొచ్చేది.